తాడు అబద్ధమాడదు

విశాఖ గాజువాకలో సేఫ్టీ బెల్టు ఎరగని ఇల్లు తక్కువ. ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటి మీదా, షిప్‌యార్డులోనూ, పోర్టు క్రేన్ల మీదా ఎత్తులో పనిచేసే మనిషి నడుముకీ భుజాలకీ పట్టీలు బిగించి, కొక్కెం తగిలించి, ఒకసారి గట్టిగా లాగి చూసుకున్నాకే అడుగు ముందుకు వేస్తాడు. పనిలోకి దిగేముందు అందరూ నిలబడి, ఆ రోజు ఎక్కడ ఏ ప్రమాదం రావచ్చో మాట్లాడుకుంటారు. దాన్ని టూల్ బాక్స్ టాక్ అంటారు. ఎత్తంటే భయం ఉండాలి, ఆ భయంతో చేతులు ఏం చేయాలో తెలిసుండాలి. కూర్మన్నపాలెం, వడ్లపూడి, పెదగంట్యాడ ఇళ్లలో తండ్రులకు ఈ విద్య ఒంటబట్టి ఉంటుంది.

పిల్లల దాకా అది రాలేదు. తొమ్మిదో తరగతి పిల్ల పొద్దున్నే స్కూలు బస్సెక్కి, ఫౌండేషన్ క్లాసూ స్టడీ అవరూ ముగించుకుని దీపాలు పెట్టాక ఇల్లు చేరుతుంది. మేడ మీద నిలబడితే యారాడ కొండ కనబడుతూనే ఉంటుంది. ఆ కొండ మీద ఏ రాయి జారుతుందో, గాలి ఎటు మళ్లితే వాన వస్తుందో ఆ పిల్లకు చెప్పినవాళ్లు లేరు.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల వయసులో, దెబ్బ తగిలితే కుంగిపోకుండా మళ్లీ లేచే గుణం ఎక్కణ్ణుంచి వస్తుంది? కొండలూ అడవీ సముద్రమూ దానికి పనికొస్తాయా? పనికొస్తే ఎందుచేత? ‘కష్టపడితే వాళ్లే గట్టిపడతారు’ అని మన పెద్దవాళ్లు చెప్పే జవాబు సగమే నిజం. మిగతా సగం తేలడానికి శాస్త్రవేత్తలకు దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు యువ పరిశోధకులు, మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్, కుక్కల మీద చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. చదవడానికే మనసొప్పని ప్రయోగం అది. ఇవాళ చేస్తామంటే ఒప్పుకునేవాళ్లు ఉండరు. ఒక జట్టు కుక్కలకు కరెంటు షాకులు తగులుతుంటాయి, తలతో పక్కనున్న పలకను నొక్కితే ఆగిపోతాయి. రెండో జట్టుకూ సరిగ్గా అన్నే షాకులు, అంతే సేపు. కాకపోతే అవి ఏం చేసినా లాభం లేదు. మొదటి జట్టు కుక్క ఆపినప్పుడే వీటికీ ఆగుతాయి. మూడో జట్టుకు షాకులే లేవు. తర్వాత అన్నిటినీ ఒక పెట్టెలో పెట్టారు. మధ్యలో ఉన్న చిన్న అడ్డు దూకితే చాలు, షాకు తప్పుతుంది. మొదటి జట్టూ మూడో జట్టూ చప్పున దూకడం నేర్చేసుకున్నాయి. రెండో జట్టులో ఎక్కువ కుక్కలు దూకే ప్రయత్నమే చేయకుండా పడుకుని ఉండిపోయాయి.

మొదటి రెండు జట్లూ పడ్డ కష్టం కొలిచినట్టు ఒకటే. ఒకటి నిలబడింది, ఇంకొకటి కూలబడింది. అంటే కష్టం దానంతట అది ఎవర్నీ గట్టిపరచదు. సెలిగ్‌మన్, మేయర్ దీన్ని ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్నారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

2016లో అదే ఇద్దరు తమ సిద్ధాంతాన్ని తామే తిరగేశారు. శాస్త్రంలో ఇలా తరచుగా జరగదు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ మధ్యకాలంలో మేయర్ ఎలుకల మెదళ్లలో ఈ సంగతినే వెతుకుతూ వచ్చాడు. తేలిందేమిటంటే, నిస్సహాయత నేర్చుకునేది కానే కాదు. ఎడతెగని కష్టం మీద పడితే కూలబడిపోవడం మెదడు సహజంగా చేసే పని. మెదడు కాండంలో డోర్సల్ రాఫే అనే చిన్న కేంద్రం సెరటోనిన్‌ను విడుదల చేసి ఆ పని చేయిస్తుంది. నేర్చుకునేది దానికి ఎదురు సంగతి: ‘నేనేదో చేశాను, అందువల్ల ఇది ఆగింది’ అన్నది. దాన్ని పసిగట్టేది నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. అది కిందికి కబురు పంపి రాఫేను అణుస్తుంది. ఒకసారి ఆ అనుభవం దక్కిన ఎలుక, తర్వాత ఎప్పుడైనా తన చేతిలో లేని కష్టం ఎదురైనా అంత తేలిగ్గా కూలబడదు. ముందు దక్కిన చిన్న పట్టు తర్వాతి పెద్ద దెబ్బకు టీకాలాగా పనిచేసింది.

ఎలుకకు పనికొచ్చినదంతా పిల్లకు పనికొస్తుందని ఎవరూ పూచీ పడలేరు. కానీ ఆ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మనిషిలో ఇరవై దాటాక కూడా ముదురుతూ ఉంటుంది, పదమూడో ఏట అది మంచి కదలికలో ఉంటుంది. ఆ వయసులో మనం దానికి ఇస్తున్న అనుభవం ఏమిటి? యూనిట్ టెస్టు. పేపరు ఎవరో ఇస్తారు, మార్కులు ఎవరో వేస్తారు, జవాబు వారం తర్వాత వస్తుంది, ర్యాంకు పక్కవాడి మార్కుల మీద ఆధారపడి ఉంటుంది. చేసిన పనికీ దక్కిన ఫలితానికీ మధ్య ఇంత దూరం పెట్టి, పిల్లలకు పట్టు చిక్కడం లేదేమని ఆశ్చర్యపోతున్నాం.

తాడు దగ్గర ఈ దూరం ఉండదు. బోలైన్ ముడి సరిగా పడితే నిలుస్తుంది, పడకపోతే లాగిన మరుక్షణం జారిపోతుంది. తాడుకు మొహమాటం లేదు. పొయ్యి రాజుకుంటే అన్నం ఉడుకుతుంది, లేకపోతే జట్టంతా అటుకులు తిని పడుకుంటుంది. దిక్సూచిని ఇనప సామాను పక్కన పెట్టి చూస్తే దారి తప్పుతారు, తప్పినట్టు పావుగంటలో తెలుస్తుంది, వెనక్కి వచ్చి సరిచేసుకోవచ్చు. చేసినదానికి జవాబు వెంటనే వస్తుంది, నిజాయితీగా వస్తుంది, సరిదిద్దుకునే వీలుంటుంది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో, ‘నావల్ల అవుతుంది’ అనే నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో నాలుగు దారులు చెప్పాడు: స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, నమ్మినవాళ్లు ధైర్యం చెప్పడం, తన ఒంట్లో దడను తానెలా అర్థం చేసుకున్నాడన్నది. వీటన్నిటిలోకీ బలమైనది మొదటిదే అన్నాడు. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పేరిట ఏసీ హాలులో జరిగే ఉపన్యాసాలు మూడో దారితో సరిపెట్టుకుంటాయి.

తెలుగు నేల మీద పిల్లల చేతికి తాడిచ్చే ఈ పని పెద్ద ఎత్తున జరిగిన చోటు విశాఖ కాదు, భువనగిరి. అక్కడి కోట ఒకే ఒక్క రాతిగుండు మీద ఉంటుంది. 2013లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థకు కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, గురుకులాల పిల్లల్ని ఆ గుండు ఎక్కే శిక్షణకు పంపారు. నేర్పినవాడు పర్వతారోహకుడు బచినేపల్లి శేఖర్‌బాబు. వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది దళిత, గిరిజన కుటుంబాల వాళ్లు, చాలామంది తల్లిదండ్రులు కూలీలు. నిజామాబాద్ జిల్లా తాడ్వాయి గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ అందులో ఒకతె. ఆమెది పాకాల గ్రామం, లంబాడీ కుటుంబం.

ఆ గుండు కింద నిలబడి పైకి చూస్తే పెద్దవాళ్లకే కాళ్లు వణుకుతాయి. శిక్షణ మాత్రం అక్కణ్ణుంచి మొదలవదు. ముందు నేల మీదే ముడులు, హార్నెస్ పట్టీలు తొడగడం, కారబినర్ కొక్కేనికి తాళం పడిందో లేదో ఒకరిది ఒకరు చూడడం. తర్వాత మనిషెత్తు రాయి. తర్వాత తాడు మీద బరువు వదిలి వెనక్కి వాలడం. తాడు మీద కిందికి దిగే రాపెలింగ్‌లో అన్నిటికంటే కష్టమైన క్షణం అదే, ఎందుకంటే ఒళ్లంతా వద్దంటుంటే కాళ్లు గుండుకు తన్ని పెట్టి వెనక్కి ఒరగాలి. ‘సార్, నావల్ల కాదు’ అని పిల్ల అరిస్తే మంచి శిక్షకుడు ‘అవుతుందమ్మా’ అనడు. ‘కుడికాలు ఎక్కడుందో చూసుకో’ అంటాడు. భయం మీంచి దృష్టి తీసి చేయాల్సిన పని మీద పెట్టించడం అంటే అదే. కిందికి దిగాక పిల్ల మనసులో మిగిలేది సారు చెప్పిన ధైర్యం కాదు, తన కాలు దొరకబుచ్చుకున్న పట్టు.

భువనగిరి నుంచి కొందరు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. వాళ్లలోంచి కొందరు గడ్డకట్టే చలికాలంలో లద్దాఖ్ వెళ్లారు. చివరికి ఇద్దరు మిగిలారు: పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కడానికి పదహారేళ్లు నిండాలనే నిబంధన ఉంది కాబట్టి టిబెట్ వైపు నుంచి బయల్దేరారు. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి పదహారు మంది గైడ్లు చనిపోయారు. మే 25న ఇద్దరూ శిఖరం మీద ఉన్నారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగు నిండలేదు. అంబేడ్కర్, పేదల కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఫొటోలు వాళ్ల వెంట వెళ్లాయి. ఇంకో ఎనిమిది రోజులకు రాష్ట్రం రెండయింది.

పూర్ణ అక్కడితో ఆగలేదు. కిలిమంజారో, ఎల్‌బ్రస్, అకొంకాగ్వా, కార్‌స్టెన్జ్, విన్సన్ ఎక్కి, 2022లో డెనాలీతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది. అయినా పదమూడేళ్ల పిల్లను 8,000 మీటర్ల పైకి పంపవచ్చా అని ఎవరైనా అడిగితే నా జవాబు వద్దనే. ఆ ఎత్తులో అనుభవమున్న పెద్దవాళ్లు కూడా తప్పు చేయకుండానే చనిపోతారు. అక్కడ ఫలితం పిల్ల చేతిలో ఉండదు, అదృష్టం చేతిలో ఉంటుంది. పైన చెప్పిన కుక్కల లెక్కలో చూసినా అది తప్పు పాఠమే. పత్రికలు ఎవరెస్టును చూశాయి, సినిమా కూడా వచ్చింది. ప్రతి జిల్లాకూ కావాల్సింది మాత్రం భువనగిరి.

సముద్రం నుంచి పుట్టిన ఇలాంటి ప్రయత్నం ఇంకా పాతది, రేవు పట్నం వాళ్లకు బాగా అర్థమయ్యేది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరీన్లు బ్రిటిష్ సరుకు ఓడల్ని ముంచుతున్నాయి. బ్లూ ఫనెల్ ఓడల కంపెనీ నడిపే లారెన్స్ హోల్ట్‌కు ఒక సంగతి కనబడింది. మునిగిన ఓడలోంచి లైఫ్‌బోట్లలోకి దిగినవాళ్లలో కండబలం ఉన్న కుర్ర నావికులు ముందు చనిపోతున్నారు, తెరచాప ఓడల మీద పెరిగిన వయసు మళ్లినవాళ్లు బతుకుతున్నారు. ఇది గణాంకాలతో నిగ్గుతేలిన మాట కాదు, ఒక ఓడల యజమాని గమనిక. అయినా దాని మీద ఒక బడి లేచింది. నాజీల జైలు చూసి బ్రిటన్ చేరిన జర్మన్ విద్యావేత్త కర్ట్ హాన్, హోల్ట్ కలిసి 1941లో వేల్స్ తీరంలోని అబర్‌డవీలో నెల రోజుల శిక్షణ మొదలుపెట్టారు. చిన్న పడవలు, కొండ నడక, రక్షణ పనులు. దానికి అవుట్‌వర్డ్ బౌండ్ అని పేరు పెట్టారు. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది.

ఇలాంటి శిబిరాలు నిజంగా పనిచేస్తాయా అన్నది 1997లో విద్యా పరిశోధకుడు జాన్ హాటీ, ఆయన సహచరులు లెక్కకట్టారు. 96 అధ్యయనాలు, 12,000 మందికి పైగా శిబిరార్థులు. ఆత్మవిశ్వాసం, స్వయంనియంత్రణ, నాయకత్వం, చదువు లాంటి ఎన్నో కొలతలు కలిపి చూస్తే సగటు ప్రభావం 0.34 అని వచ్చింది. ఆ అంకెను ఇలా అర్థం చేసుకోవచ్చు: నూరుగురు పిల్లల్ని వరసగా నిలబెడితే నడిమధ్యనున్న పిల్ల శిబిరం ముగిసేసరికి 63వ చోటుకి జరుగుతుంది. బ్రహ్మాండమేమీ కాదు. అద్భుతాలు అమ్మే కరపత్రాలు చూసి ఫీజు కట్టే తల్లిదండ్రులు ఈ అంకె గుర్తుంచుకోవాలి. ఆశ్చర్యం కలిగించింది తర్వాతి అంకె. బడుల్లో చేసే చాలా కార్యక్రమాల ఫలితం కార్యక్రమం అయిపోగానే కరిగిపోవడం మొదలుపెడుతుంది. ఇక్కడ మాత్రం కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిస్తే ఇంకో 0.17 పెరిగింది.

లోపాలున్నాయి. చాలా అధ్యయనాల్లో శిబిరానికి వెళ్లని పిల్లలతో పోల్చి చూడలేదు. చాలా కొలతలు పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్నవే. ఒక శిబిరానికీ ఇంకో శిబిరానికీ పొంతన లేదు. రోజులు ఎక్కువున్నవి మెరుగ్గా పనిచేశాయి, కొన్ని అసలు పనిచేయలేదు. శిక్షకుడి దగ్గర తేడా ఉంటుందన్నది నా అనుమానం, ఇంకో అధ్యయనం చూశాక కలిగినది. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో తాగుడు, గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ల చుట్టూ మళ్లీ మళ్లీ కనబడింది ఏమిటంటే, నిలకడగా పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరు: అమ్మమ్మో, టీచరో, పొరుగామో. మూడు రోజులకు అద్దెకొచ్చి వెళ్లే శిక్షకుడు ఆ చోటు భర్తీ చేయలేడు. స్కూల్లో ఏడాదంతా ఉండే పీఈటీ మాస్టారు చేయగలడు.

కఠినంగా ఉంటే చాలనుకునేవాళ్లకు అమెరికా అనుభవం చూపించాలి. 1983 నుంచి అక్కడ నేరాలు చేసిన కుర్రాళ్లకు బూట్ క్యాంపులు పెట్టారు. సైనిక కవాతు, అరుపులు, శిక్షలు. 2005 నాటికి ఆ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, క్యాంపుకు వెళ్లినవాళ్లూ వెళ్లనివాళ్లూ తర్వాత నేరాలు చేయడంలో తేడా లేదు. అరుపు కింద పిల్లవాడు నేర్చుకునేది అరుపు ఎప్పుడాగుతుందో ఎదురుచూడడమే. ఆగడం అతని చేతిలో లేదు. ‘సరిచేస్తాం’ అని పిల్లల్ని అడవుల్లోకి తీసుకెళ్లే ప్రైవేటు కేంద్రాల్లో చావులూ జరిగాయి. 2024లో నార్త్ కరొలైనాలో పన్నెండేళ్ల బాలుడు చనిపోయాక ఒక కేంద్రం లైసెన్సును ఆ రాష్ట్రం రద్దు చేసింది.

మన దగ్గర చావులు వేరే దారిలో వస్తున్నాయి. పూర్ణ శిఖరం మీద నిలబడిన పద్నాలుగో రోజున, 2014 జూన్ 8న, హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. వాళ్ల తప్పు కాదు. హెచ్చరిక సరిగా లేదు. కానీ పైన డ్యామ్ ఉన్న నది ఎండ కాస్తుండగానే ఉప్పొంగుతుందని, నీళ్ల మధ్యకు వెళ్లేముందు ఒడ్డున తడి గీత ఎక్కడి దాకా ఉందో చూడాలని పన్నెండేళ్లప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. రెండు వారాల తేడాతో వచ్చిన తెలుగు పిల్లల రెండు వార్తలివి. రెండో వార్త వచ్చాక చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని బయటికే పంపడం మానేశారు. ఆ భయం న్యాయమైనదే, కానీ పంపకపోవడం వల్ల పిల్లకు నది చదవడం రాదు.

ఇంకో చిక్కు, ఆ వయసు స్నేహితులది. 2005లో మనస్తత్వవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు చూస్తుండగా ఆడినప్పుడు పదమూడు, పదహారేళ్ల మధ్య పిల్లలు ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. పెద్దవాళ్లలో అలాంటి తేడా కనబడలేదు. ఆర్కే బీచ్‌లో అలల్లోకి జట్లుగా పరిగెత్తే కుర్రాళ్లను చూస్తే ప్రయోగశాల అక్కర్లేదు. అదే స్నేహితుణ్ణి తాడు రెండో కొసన నిలబెట్టి చూడండి. పైన ఎక్కుతున్నవాడి తాడును కింద పట్టుకునే పనిని బిలే అంటారు. పట్టుకున్నవాడు చూపు తిప్పకూడదు, చెయ్యి వదలకూడదు. నలుగురి ముందు గొప్ప అనిపించుకోవాలనే తహతహ అక్కడ జాగ్రత్తగా ఉండడం వైపు తిరుగుతుంది. మంచి శిబిరాలు చేసే తెలివైన పని ఇదే అని నాకనిపిస్తుంది.

గాజువాక చుట్టూ ఏముంది? యారాడ కొండ, సింహాచలం కొండలు, కంబాలకొండ, అన్నీ ఖొండలైట్ రాయి. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో భూగర్భ శాస్త్రవేత్త వాకర్ పెట్టిన పేరు. అందులో గార్నెట్, సిల్లిమనైట్ ఉంటాయి. వానకీ ఎండకీ బాగా చివికిపోతుంది. కొండ తవ్విన చోటల్లా కనిపించే ఎర్రదనం అదే. భువనగిరి గ్రానైట్‌కు వేసిన మేకు నిలుస్తుంది, చివికిన ఖొండలైట్ పెళ్లలుగా ఊడొస్తుంది. అందుచేత ఈ కొండలు గుండెక్కే పాఠానికి కావు. నడకకూ, దారి కనుక్కోవడానికీ, వాలు మీద కాలు పెట్టే పద్ధతికీ బాగుంటాయి. ఏ రాయిని నమ్మాలో ఏ రాయిని నమ్మకూడదో చేత్తో తట్టి తెలుసుకోవడమే ఇక్కడి మొదటి పాఠం కావచ్చు. తాడు పనికి స్కూలు గోడ చాలు. హార్నెస్ తొడగడం నేర్పడానికి బయటి నుంచి ఎవర్నీ పిలవనక్కర్లేదు, రోజూ ఎత్తులో పనిచేసే నాన్నలు కాలనీ నిండా ఉన్నారు. వాళ్ల చేతి పనికి స్కూల్లో విలువ దక్కడం కూడా పిల్లలు చూడాలి.

కంబాలకొండ అభయారణ్యం దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది. చిరుత, కణితి, కొండగొర్రె, అలుగు తిరిగే అడవి ఇది, నగరం అంచునే ఉంది. అటవీ శాఖ అనుమతితో పొద్దుటి పూట నడవొచ్చు. అక్కడ పొయ్యి రాజేయడం నిషిద్ధం, కాబట్టి వంట ఇంకో చోట. పాముల పాఠం మాత్రం అడవి మొదట్లోనే చెప్పాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర: మన దగ్గర దొరికే పాము విషపు విరుగుడు మందు ఈ నాలుగింటి మీదే పనిచేసేలా తయారవుతుంది. కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. కాటు పడ్డ అవయవం కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఈ వరుసను పిల్లలు ఒకర్నొకరు మోసుకెళుతూ చేసి చూడాలి. చెప్తే గుర్తుండదు.

అప్పికొండ, గంగవరం వైపు సముద్రం ఉంది. అక్కడి జాలరి కుటుంబాల్లో పిల్లవాడికి అలల లెక్క నడక వచ్చిన కొన్నాళ్లకే మొదలవుతుంది. ఒడ్డు మీది రెండు కొండల్ని ఒకదాని వెనక ఒకటి సరిపెట్టి, పడవ ఎక్కడుందో చెప్పే విద్య పెద్దవాళ్ల దగ్గరుంది; జీపీఎస్ వచ్చాక కుర్రాళ్లలో తగ్గుతోంది. వాళ్లను రోజుకూలి ఇచ్చి గురువులుగా పిలవాలి. తీరంలో ప్రాణాలు తీసేది ఎక్కువగా రిప్ కరెంట్. ఒడ్డుకొచ్చిన నీరంతా సన్నని పాయగా లోపలికి తిరిగి లాగుతుంది. అక్కడ అలలు విరగవు, నీళ్లు నిదానంగా ఉన్నట్టు కనబడతాయి, అందుకే జనం అక్కడే దిగుతారు. ఒడ్డు కేసి ఈదితే అలిసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయలోంచి బయటపడాలి. నీళ్లలోకి దిగకుండానే, గట్టు మీద నిలబడి ఆ పాయ ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలిగితే పిల్లకు ఆ పాఠం వచ్చినట్టే.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నుంచి ఉంది. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్ అని మెట్టు తర్వాత మెట్టు. ముడులు, ప్రథమ చికిత్స, దిక్కులు, వంట. బండూరా చెప్పిన మొదటి దారికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. ఎన్‌సీసీ జూనియర్ విభాగం హైస్కూలు పిల్లలకే, పది రోజుల వార్షిక శిబిరం కూడా ఉంది. చాలా చోట్ల ఇవి ఆగస్టు 15 కవాతుకీ, రిపబ్లిక్ డే ఫొటోకీ కుదించుకుపోయాయి. యూనిఫాం మిగిలింది, తాడు పోయింది. అదనపు మార్కుల సర్టిఫికెట్టు కోసం చేరే పిల్లలకు ముడి పడిందో లేదో చూసేవాళ్లు ఉండరు.

మంచి కార్యక్రమం ఏదో తెలుసుకోవడానికి తల్లిదండ్రులు నిర్వాహకుణ్ణి అడగాల్సినవి కొన్నే. ‘మా అమ్మాయి నావల్ల కాదంటే ఏం చేస్తారు?’ అని అడగండి. ‘ఎలాగైనా చేయిస్తాం’ అంటే వెనక్కి వచ్చేయండి. వద్దనే హక్కు లేని చోట పట్టు చిక్కదు. ఒక్కో శిక్షకుడికి ఎంతమంది పిల్లలు, దగ్గర్లో ఆసుపత్రి ఎంతసేపట్లో చేరవచ్చు, రాత్రిపూట ఆడపిల్లల దగ్గర ఎవరుంటారు, సామాను ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు మారుస్తారు అన్నవీ అడగాలి. తాడుకూ వయసుంటుంది, ఎండలో పడి ఉన్న నైలాన్ పైకి కొత్తగానే కనబడుతూ లోపల బలం కోల్పోతుంది. సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఆ రోజు ఏం జరిగింది, ఎక్కడ తప్పాం, రేపు ఏం మారుస్తాం అని మాట్లాడిస్తారో లేదో కూడా అడగండి. ఆ అరగంట లేకపోతే మిగిలేది విహారయాత్ర.

సెలవుల లెక్కకి వేసవే అనుకూలం అనుకుంటారు గాని, విశాఖ మే నెల ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, నడక పాఠం వడదెబ్బ పాఠం అవుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న నేరుగా ఈ నగరం మీదే తీరం దాటింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా, రాత్రి చల్లగా ఉంటుంది. పబ్లిక్ పరీక్షలున్న పదో తరగతిని వదిలేసి ఎనిమిది, తొమ్మిది తరగతులతో మొదలుపెట్టవచ్చు. రెండో శనివారాలు నాలుగైదు తాడుకీ దిక్కులకీ ప్రథమ చికిత్సకీ ఇచ్చి, సంక్రాంతి సెలవుల్లో రెండు రాత్రుల శిబిరం పెట్టాలి. శిబిరంతో ఆపకుండా మార్చిలో ఒకసారి, కొత్త తరగతిలో చేరాక జూలైలో ఒకసారి అదే పిల్లల్ని అదే మాస్టారు కలవాలి. జూలైకి వచ్చేసరికి ముడులు నేర్చుకున్న పిల్లలే కింది తరగతికి నేర్పగలుగుతారు. ఖర్చంటారా, రెండు తాళ్లూ, అరడజను హార్నెస్‌లూ హెల్మెట్లూ, కొన్ని దిక్సూచులూ కొనుక్కుంటే ఒక స్కూలుకి చాలా ఏళ్లు వస్తాయి, తాళ్లను మాత్రం గడువు చూసి మార్చుకుంటూ ఉండాలి.